బట్టలుతికిన నీళ్లు చెట్లకు పారించొచ్చా?

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే పడే జిల్లాలో స్నానాల నీళ్లు, వాషింగ్ మెషిన్ నీళ్లు కాలవపాలవుతుంటే ప్రాణం ఉసూరుమంటోంది. గులకరాళ్లు, ఇసుక, బొగ్గు పొరలుగా వేసిన గుంతలో వడకట్టి పెరట్లో అరటికి, కొబ్బరికి పారిద్దామనుకుంటున్నా. వంటింటి నీళ్లలో జిడ్డు ఉంటుంది, అవి కలపను.

అసలు టెన్షన్ సబ్బు పొడితోనే. అందులోని సోడియం పేరుకుంటే నేల బిగిసిపోతుంది. పైపు వదిలే చోట ఇప్పటికే మట్టి మీద తెల్లటి పొర కట్టింది, పక్కన కరివేపాకు ఆకుల అంచులు మాడుతున్నాయి. పైగా మా బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి.

లిక్విడ్ డిటర్జెంట్‌కు మారితే సరిపోతుందా, సోడియం పోవడానికి నేలకు జిప్సం కూడా వేయాలా? నీళ్లు శుభ్రపడేందుకు గుంతలో మెట్టతామర (కెన్నా పూల మొక్క) నాటినవాళ్లున్నారా? వాసన, దోమలు లేకుండా ఎలా నెట్టుకొస్తున్నారు? మన సీమ నేలల్లో చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.