ఇల్లంతటికీ ఒకే ఎకో క్లీనర్ సరిపోతుందా? కడప రాయి, బోరు నీళ్లు, పాకే పాప ఉన్న ఇల్లు

రెండో_అంతస్తు

నమస్తే అండి. బెంగళూరు వైట్‌ఫీల్డ్ దగ్గర అపార్ట్‌మెంట్. బోరు నీళ్లు, అవి చాలనప్పుడు ట్యాంకరు. వంటగది గట్టు నల్ల గ్రానైట్, కింద అరలు కడప రాయి, హాల్లో విట్రిఫైడ్ టైల్స్. బాత్రూం గోడలకూ కుళాయిలకూ తెల్లటి ఉప్పు పొర. 9 నెలల పాప పాకుతోంది, తడి నేల మీద చేతులు పెట్టి ఆ చేతులే నోట్లో పెట్టుకుంటోంది. అందుకని ఘాటు ఫినాయిలు, బాత్రూం యాసిడ్ మానేసి ఎకో క్లీనర్‌కు మారాలని చూస్తున్నాం.

నారింజ తొక్కలు, బెల్లం పులియబెట్టి చేసే బయో ఎంజైమ్ ఒక్కటి చేసుకుంటే గట్టుకీ నేలకీ బాత్రూంకీ సరిపోతుందా? కొలతలు, ఎన్నాళ్లు పడుతుంది, ఎక్కడ వాడకూడదు, ఇవి తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. బయట దొరికే సీసా కొనాలంటే లేబుల్ మీద ఏం చూడాలో కూడా.

పులిసిన_తొక్క

కొలత 1:3:10 అండి. బెల్లం 100 గ్రాములు, తొక్కలు 300 గ్రాములు, నీళ్లు 1 లీటరు. దీనికి 2 లీటర్ల ప్లాస్టిక్ సీసా కావాలి. నిండుగా పోయకూడదు, పైన నాలుగో వంతు ఖాళీ ఉండాలి. గాజు సీసా వద్దే వద్దు. మొదటి రెండు వారాలు గ్యాస్ బాగా తయారవుతుంది, మూత బిగించి మరిచిపోతే గాజు పగులుతుంది. ఆ రెండు వారాలూ రోజూ ఒకసారి మూత వదులు చేసి గ్యాస్ పోనిచ్చి మళ్లీ బిగించండి. తర్వాత నెల నిండేదాకా రెండు మూడు రోజులకోసారి చాలు.

బత్తాయి, నారింజ, నిమ్మ తొక్కలు మంచివి. కుళ్లినవి, బూజు పట్టినవి వేయొద్దు. బెల్లం ముదురు రంగుదే తీసుకోండి. తెల్లగా మెరిసే బెల్లంలో రంగు తేల్చడానికి వేసిన మందు ఉంటే ఈస్ట్ నెమ్మదిస్తుంది. క్లోరిన్ వాసన వచ్చే నీళ్లయితే ఒక రాత్రి మూత లేని గిన్నెలో ఉంచి పొద్దున పోయండి.

మామూలుగా 90 రోజులు. డిసెంబరు, జనవరి బెంగళూరు చలిలో ఇంకో రెండు మూడు వారాలు వేసుకోవాలి. పాత బ్యాచ్ నీళ్లు 50 మి.లీ. కలిపితే త్వరగా మొదలవుతుంది.

పైన పల్చటి తెల్ల పొర కడితే భయం లేదు, కలియబెట్టండి. నల్లగానో పచ్చగానో నూగులాంటి బూజు వస్తే తొక్కలు నీళ్ల పైన తేలుతూ ఎండాయని అర్థం, లేదా బెల్లం తగ్గింది. కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా సరే, రెంటినీ కంపోస్టులో పారేయండి, కాపాడాలని చూడొద్దు.

అందరూ చేసే పొరపాటు తొందర. నెలన్నరకే వడకట్టి నేల తుడుస్తారు, మర్నాటికి కాళ్లు అంటుకుంటాయి, చీమలు వరస కడతాయి. కారణం పులియకుండా మిగిలిన చక్కెర. పీహెచ్ పట్టీ పెట్టి 3.5 చూపిస్తోంది కదా అని నమ్మకండి, పులుపు ముందే వస్తుంది, చక్కెర పూర్తిగా పోవడం తర్వాత. ఒక చుక్క టైల్ మీద వేసి ఆరనివ్వండి. వేలు పెడితే అంటుకుంటే ఇంకా ఆగాలి.

నేలకు 5 లీటర్ల నీళ్లలో 50 మి.లీ. స్ప్రేకు ఒక పాలు ఎంజైమ్, పది పాళ్లు నీళ్లు. విట్రిఫైడ్ టైల్‌కు, అద్దాలకు, సింకుకు బాగుంటుంది.

రాతి_పని

పై కొలతలన్నీ సరైనవే. కానీ ఆ ఇంట్లో కడప రాయి ఉందని చెప్పినారు కదా, అక్కడ ఆగాల.

కడప రాయి సున్నపురాయి. తాండూరు, షాబాద్ కూడా అంతే. మార్బుల్ సంగతీ అదే. మొజాయిక్ నేలలో పొదిగిన చిప్సు ఎక్కువగా మార్బుల్‌వే. బయో ఎంజైమ్ అంటే ముఖ్యంగా ఆమ్లం, వెనిగర్‌కు దగ్గర చుట్టం. ఆమ్లం తగిలితే సున్నపురాయి కరుగుతుంది. నిమ్మచెక్క పెట్టి మరిచిపోయిన కడప గట్టు మీద తెల్లగా పాలిపోయిన మచ్చ చూసే ఉంటారు. అది మురికి కాదు, పాలిష్ తినేసిన చోటు. ఎంత తోమినా పోదు, మళ్లీ పాలిష్ పట్టాల్సిందే. పాత బసవనగుడి ఇళ్లలో ఉండే రెడ్ ఆక్సైడ్ నేలలు సిమెంటుతో చేసినవి, వాటికీ పులుపు పనికిరాదు. టైల్స్ మధ్య సిమెంటు గ్రౌట్ కూడా రోజూ పులుపు తగిలితే అరుగుతుంది. ఎపాక్సీ గ్రౌట్ అయితే తట్టుకుంటుంది.

గ్రానైట్‌కు ఆమ్లంతో అంత ఇబ్బంది లేదు, దాంట్లో ఉన్నది ఎక్కువగా క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్. కానీ గ్రానైట్ అని అమ్మే ప్రతి నల్ల రాయీ గ్రానైట్ కాదు, పైన కొట్టిన సీలర్ కూడా దెబ్బ తినొచ్చు. గ్యాస్ పొయ్యి వెనక కనపడని మూల ఒక చుక్క నిమ్మరసం వేసి 10 నిమిషాలు ఉంచి తుడవండి. మెరుపు తగ్గితే ఆ గట్టు మీద ఏ పులుపూ వద్దు.

అంటే ఇల్లంతటికీ ఒకే సీసా అనే ఆలోచనే తప్పుదారి. మురికి మూడు రకాలు. బోరు నీళ్ల ఉప్పు పొరకు ఆమ్లం కావాల. పొయ్యి వెనక గట్టిపడిన నూనె జిడ్డుకు క్షారం కావాల, దాని మీద ఎంజైమ్ ఎంత చల్లినా కదలదు. రోజువారీ దుమ్ము, వేలిముద్రలు, మరకలకు నురుగు పుట్టించేది ఏదైనా సరిపోతుంది, అది ఆమ్లమూ క్షారమూ కాకుండా మధ్యస్థంగా ఉంటే ఏ రాయికీ హాని ఉండదు. వెనిగర్‌లో వంటసోడా కలిపి బుసబుస పొంగించే చిట్కా ఉంది కదా, అక్కడ ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి తినేస్తాయి. పొంగు ఆగినాక మిగిలేది దాదాపు ఉప్పు నీళ్లలాంటిదే. రెండింటినీ విడివిడిగా వాడండి.

కుళాయిల ఉప్పు పొరకు లీటరు నీళ్లలో 50 గ్రాముల సిట్రిక్ యాసిడ్, అంటే నిమ్మఉప్పు. గుడ్డ తడిపి కుళాయికి చుట్టి 20 నిమిషాలు, తర్వాత కడిగి పొడి గుడ్డతో తుడవండి. రాత్రంతా ఉంచితే నికెల్, క్రోమ్ పూత గుంటలు పడుతుంది.

జిడ్డుకు వాషింగ్ సోడా. అర లీటరు వేడి నీళ్లలో ఒక పెద్ద చెంచా, చేతికి గ్లౌజులు, 10 నిమిషాలు నాననిచ్చి తుడవండి. స్టీలు చిమ్నీ ఫిల్టర్‌కు ఇది చాలా బాగా పని చేస్తుంది. అల్యూమినియం జాలీ ఫిల్టర్ అయితే నల్లబడిపోతుంది, దానికి వేడి నీళ్లూ గిన్నెల సబ్బూ మాత్రమే. పాపకు అందనంత ఎత్తులో పెట్టండి, సోడా కంట్లో పడితే ప్రమాదం.

కుంకుడు_రసం

మధ్యస్థంగా ఉండే సీసాకు మన ఇళ్లలో తెలిసినదే ఉంది కదండీ. కుంకుడు రసం. బెంగళూరులో గ్రంథిగె అంగడిలో (పూజా సామాను, మూలికలు అమ్మే కొట్టు) అంటువాళ కాయి అని అడిగితే ఇస్తారు.

బోరు నీళ్లకు ఇది ఎందుకు నప్పుతుందో చెప్తాను. మామూలు సబ్బు ఉప్పు నీళ్లలోని కాల్షియంతో కలిసి విరిగిపోతుంది, ఆ విరిగిన సబ్బే టైల్స్ మీద తెల్లటి తెట్టులా మిగులుతుంది. సబ్బు బేస్‌తో చేసిన "నేచురల్" ఫ్లోర్ క్లీనర్లు కొని నేల మసకబారిందని వాపోయేవాళ్ల ఇంట్లో చాలాసార్లు జరిగేది ఇదే. కుంకుడులో నురుగు పుట్టించే సపోనిన్లు అలా విరగవు.

గింజ తీసిన పెచ్చులు 50 గ్రాములు, 1 లీటరు నీళ్లు. రాత్రి నానబెట్టి పొద్దున సన్న సెగ మీద 20 నిమిషాలు ఉడికించండి. గిన్నె పెద్దది పెట్టుకోవాలి, పొంగిందంటే పొయ్యంతా నురుగే. చల్లారాక చేత్తో పిసికి పల్చటి నూలు గుడ్డలో రెండుసార్లు వడకట్టండి. ఒక్కసారి వడకడితే పీచు మిగిలి స్ప్రే మూతి మూసుకుపోతుంది.

స్ప్రేకు 100 మి.లీ. రసం, 400 మి.లీ. నీళ్లు. నేలకు 5 లీటర్లలో 100 మి.లీ. తుడిచాక ఒకసారి ఉత్త నీళ్లతో తుడవండి. పాప ఉన్న ఇంట్లో ఈ రెండో తుడుపు మానొద్దు. కుంకుడు కంట్లో పడితే ఎంత మండుతుందో తలంటి పోసుకున్న ప్రతివాళ్లకూ తెలుసు, కడుపులోకి పోతే వాంతులవుతాయి. మొక్క నుంచి వచ్చిందంటే నోట్లో పెట్టుకోవచ్చని కాదు.

లోపం నిల్వ. బయట రెండు మూడు రోజులకే పులిసిపోతుంది, ఫ్రిజ్‌లో వారం. నిమ్మఉప్పు కలిపితే ఎక్కువ రోజులు ఉంటుందని చెప్తారు, నిజమే, కానీ అప్పుడది మళ్లీ ఆమ్లమే, కడప అరల మీద వాడలేరు. దానికంటే ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించడం మేలు. ఒక్కో ముక్క సుమారు 20 మి.లీ., 5 ముక్కలు వేస్తే అర లీటరు స్ప్రే. ఆ ట్రే మీద పేరు రాసి పెట్టండి, ఎవరైనా చింతపండు రసం అనుకుని వంటలో వేసేస్తారు.

లేత రంగు మార్బుల్ మీద, తెల్ల గ్రౌట్ మీద గోధుమ రంగు మరక పట్టొచ్చు, అక్కడ ఆరనివ్వకుండా వెంటనే తుడిచేయాలి.

ఎస్టీపీ_లెక్క

అపార్ట్‌మెంట్ అన్నారు కాబట్టి కాలువలోకి పోయాక ఏమవుతుందో కూడా చూడాలి. మీ ఎస్టీపీలో, అంటే అపార్ట్‌మెంట్ మురుగునీటి శుద్ధి ప్లాంటులో, మురుగును శుభ్రం చేసేది బ్యాక్టీరియానే. "99.9 శాతం క్రిములు చస్తాయి" అని రాసిన సీసాలో తరచుగా ఉండేది బెంజల్కోనియం క్లోరైడ్. వంద ఇళ్లు రోజూ దాన్ని పోస్తే ఎస్టీపీలో పని చేసే బ్యాక్టీరియా కూడా దెబ్బ తింటుంది, ఫ్లష్‌లోకి తిరిగొచ్చే నీళ్లు కంపు కొడతాయి. పిచికారీ చేసే మోతాదులో కంటే బకెట్లకొద్దీ డ్రెయిన్‌లో పోసే అలవాటుతోనే ఎక్కువ చేటు.

వైట్‌ఫీల్డ్ పక్కనే వర్తూరు, అటు బెళ్లందూరు. ఆ చెరువుల నురుగుకు శుద్ధి చేయని మురుగు, అందులోని డిటర్జెంట్లు, ఫాస్ఫేట్లు కారణం. 2015 మేలో బెళ్లందూరు నురుగుకు నిప్పే అంటుకుంది. అందుకని లేబుల్ మీద ఫాస్ఫేట్ లేదని రాసి ఉండాలి, నురుగు పుట్టించే పదార్థం పేరు కూడా స్పష్టంగా ఉండాలి. డెసైల్ గ్లూకోసైడ్, కోకో గ్లూకోసైడ్ అని ఉంటే మంచిది, అవి గ్లూకోజ్, కొబ్బరి లేదా పామ్ నూనె నుంచి చేసినవి, నీళ్లలో త్వరగా విడిపోతాయి. ఉత్త "మొక్కల ఆధారితం" అని రాసి పదార్థాల పేర్లు దాచిన సీసాను పక్కన పెట్టేయండి. పర్యావరణం పేరు చెప్పి ఆధారం లేకుండా ప్రచారం చేసుకోవడం మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది కూడా. మట్టికుండ బొమ్మతో ఉండే ఎకోమార్క్ 1991 నుంచి ఉన్న ప్రభుత్వ గుర్తు, కనిపిస్తే నమ్మకం పెరుగుతుంది, కానీ క్లీనర్ల మీద అరుదు.

కుంకుడు గురించి ఒక మాట. సపోనిన్లు చేపలకు విషం. ఎస్టీపీ గుండా పోతే ఇబ్బంది లేదు, అక్వేరియం దగ్గరో తామర తొట్టి దగ్గరో స్ప్రే కొట్టొద్దు.

రెండో_అంతస్తు

చాలా థాంక్స్ అండి. రాతి_పని గారూ, మంచి సమయానికి చెప్పారు, రేపే అరలు ఎంజైమ్‌తో తుడిచేవాళ్లం. ఇంకో సందేహం. పాపకు విరేచనాలైనప్పుడు నేల మీద పడితే కుంకుడు నీళ్లు చాలవు కదా? అప్పుడు కూడా ఎకో అంటూ కూర్చోవాలా?

రాతి_పని

కూర్చోవద్దు. కుంకుడూ ఎంజైమూ శుభ్రం చేస్తాయి గానీ క్రిములను చంపుతాయని లెక్క వేసుకోకూడదు. అట్లాంటప్పుడు ముందు పాత గుడ్డతో తీసేసి, గిన్నెల సబ్బు నీళ్లతో కడిగి, ఆ తర్వాత బ్లీచ్. సీసా మీద 5 శాతం సోడియం హైపోక్లోరైట్ అని ఉంటే లీటరు నీళ్లకు 20 మి.లీ. నేల 10 నిమిషాలు తడిగా ఉంచి, ఉత్త నీళ్లతో రెండుసార్లు తుడవాల. కిటికీలు తెరిచి, పాపను వేరే గదిలో ఉంచండి. కలిపింది ఆ రోజే వాడాల, మర్నాటికి బలం తగ్గిపోతుంది.

ఈ బ్లీచ్‌ను ఎంజైమ్‌తోనో వెనిగర్‌తోనో నిమ్మఉప్పుతోనో బాత్రూం యాసిడ్‌తోనో ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ గ్యాస్ పుడుతుంది, మూసిన బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఒకే బకెట్‌లో కలపడమే కాదు, ఉదయం ఎంజైమ్ చల్లి కడగని చోట సాయంత్రం బ్లీచ్ పోసినా అంతే. పనమ్మాయికి కూడా ఇది చెప్పి, సీసాలు వేరు వేరు అరల్లో పెట్టండి.

పులిసిన_తొక్క

ఎంజైమ్ వడకట్టాక మిగిలే పిప్పి పారేయకండి అండి. అందులో రెండు చెంచాలు కొత్త బ్యాచ్‌లో వేస్తే తోడులా పని చేస్తుంది. మిగిలింది మిక్సీలో తిప్పి టాయిలెట్ గిన్నెలో వేసి గంట ఉంచి బ్రష్‌తో తోమితే పసుపు చార వదులుతుంది. ఆ రోజు అందులో బ్లీచ్ ఏదీ పడి ఉండకూడదు, ముందు రెండుసార్లు ఫ్లష్ చేసుకోండి.