సమస్య: ‘కదలకున్న వాడె కడకు ఫాస్టు’

మోడరేటరు: కొత్త చొక్కా లోపలి చీటీ మీద ‘కలర్ ఫాస్ట్’ అని చదివి, ఈ రంగు ఎక్కడికి పరిగెడుతుందా అని నవ్వుకున్నాను. అందులోంచి పుట్టిన పాదం. ఇదే చివరి పాదంగా పద్యం పూరించాలి. కానివ్వండి.

గురులఘువు:
రంగు గుడ్డ పట్టి రాలక నిలిచెను,
ఉతికినపుడు జారకున్నదదియె;
మాట మీద నట్లె మారక యుండుచు
కదలకున్న వాడె కడకు ఫాస్టు

పాదచారి: మోడరేటరు గారి చొక్కాచీటీకే గణాలు కట్టినట్టుంది మాస్టారూ. పైగా రెండో పాదంలో ‘ఉ’కి ‘కు’తో యతి (పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన మైత్రి) ఎలా కుదిరింది?

గురులఘువు: జారక + ఉన్న. సంధిలో దాగిన ‘ఉ’ చాలు. మునుపటి ‘లైటు’ సమస్యలో దీపాన్ని తక్కెడలో తూచినవారికి ఇది కనబడదులెండి.

పాదచారి: ఆ పూరణకు అప్పుడు మీరే ‘భేష్’ అన్నారు, వెతికితే దొరుకుతుంది. సరే, నాది:
తిండి మాని యొక్క తీరున గూర్చుండె,
పరుగు లేదు, లేదు పళ్ళెమైన;
పొద్దు గూకు వరకు పొట్టను గట్టుక
కదలకున్న వాడె కడకు ఫాస్టు

ద్రుతవిలంబితుడు: ‘కడుపు కట్టుకొని’ని యతి కోసం ‘పొట్టను గట్టుక’ అనడం అందంగా ఉంది. కానీ ఉపవాసం ఉన్నవాడు ఫాస్టు కాడండి, ఫాస్టు చేస్తాడు. ఆ అర్థంలో అది నామవాచకం, లేదా క్రియ. మనిషికి విశేషణంగా అతకదు. రంగుకైతే అతుకుతుంది.

పాదచారి: పొద్దున్నే అందరూ బ్రేక్‌ఫాస్టు అంటూ విరిచేది ఉపవాసాన్నే కదా?

ద్రుతవిలంబితుడు: విరిచేదీ నామవాచకాన్నే! అసలు పాత ఇంగ్లీషులో ఈ మాటకు ‘గట్టిగా, బిగువుగా’ అనే అర్థమే ముందు; వేగం తర్వాత వచ్చి చేరింది. ‘ఫాస్టెన్’లో ఆ బిగువు ఇంకా ఉంది. నియమాన్ని బిగబట్టడమే ఉపవాసమైంది. అంటే కదలనివాడే మొదటి ఫాస్టు. ఇచ్చిన పాదంలో సమస్యే లేదు.

మోడరేటరు: లేదా! అయితే మీరే పూరించండి. ‘ఫాస్ట్ అస్లీప్’ ఒకటుంది, ఇంకా ఎవరూ ముట్టుకోలేదు.

ద్రుతవిలంబితుడు: ప్రస్తుతానికి మూడో పాదమే వచ్చింది:
గుర్రుపెట్టి కలను గుర్రమ్ము నెక్కిన
కదలకున్న వాడె కడకు ఫాస్టు

గురులఘువు: ఆహా! మంచం దిగకుండానే రెండు ఫాస్టులూ పట్టేశారు. నా రంగు వెలిసింది.

పాదచారి: గురకా గుర్రమూ బాగానే ఉన్నాయి. మొదటి రెండు పాదాలు కూడా నిద్రపోతున్నాయా అండీ?