హార్న్ కొన నిజంగా 50 మైక్రాన్లు ఊగుతోందా? ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న (తరంగం_20)
కావిటేషన్ ఎరోజన్ (ద్రవంలో బుడగలు పేలి లోహాన్ని తినేయడం) పరీక్ష, ఏఎస్‌టీఎం జి32 ప్రమాణం కోసం 20 కిలోహెర్ట్జ్ స్టాక్ (కంపనం పుట్టించే ట్రాన్స్‌డ్యూసర్, దాన్ని కొనకు చేర్చే హార్న్ కలిపిన అమరిక) బిగించాం. పరీక్షకు కొన 50 మైక్రాన్లు ఊగాలి. టైటానియం హార్న్, కొన వ్యాసం 15.9 మి.మీ. జనరేటర్ మీద 60 శాతం అని ఉంది గానీ, అది ఎన్ని మైక్రాన్లో తెలియట్లేదు. లేజర్ వైబ్రోమీటర్ లేదు. కొనకు ఆక్సిలరోమీటర్ (త్వరణం కొలిచే సెన్సార్) అతికించి చూడొచ్చా?

జవాబు (మైక్రాన్‌గీత)
ఆక్సిలరోమీటర్ జోలికి వెళ్లకండి. 50 అంటే ఈ కొస నుంచి ఆ కొసకు, అంటే మధ్య నుంచి 25. 20 కిలోహెర్ట్జ్‌లో దాని త్వరణం దాదాపు 40,000 జీ (భూమి గురుత్వ త్వరణానికి అన్ని రెట్లు). అతుకు ఊడిపోతుంది. ఊడకపోయినా సెన్సార్ బరువుకు హార్న్ రెసొనెన్స్ ఫ్రీక్వెన్సీ మారిపోతుంది.

మైక్రోస్కోప్ ఉంటే చాలు. హార్న్ పక్క గోడ మీద, కొనకు 1-2 మి.మీ. పైన, సన్న ఎమెరీ కాగితంతో కాస్త గరుకు చేయండి. ఎల్‌ఈడీ వెలుగు ఏటవాలుగా పడితే చుక్కలు మెరుస్తాయి. ఆన్ చేయగానే చుక్క గీతలా సాగుతుంది. గీత పొడవులోంచి, ఆఫ్‌లో ఉన్నప్పటి చుక్క వెడల్పు తీసేస్తే మిగిలేదే మీకు కావాల్సిన అంకె. కొసల దగ్గర కదలిక ఆగి వెనక్కి తిరుగుతుంది కాబట్టి అక్కడ వెలుగు ఎక్కువ, గుర్తుపట్టడం తేలిక. ఐపీస్ గడుల విలువను 10 మైక్రాన్ల స్టేజ్ మైక్రోమీటర్‌తో ముందే సరిచూసుకోండి. గీతకు బదులు కోడిగుడ్డు ఆకారం కనిపిస్తే హార్న్ అడ్డంగా కూడా ఊగుతోందని అర్థం. స్టడ్ (హార్న్‌ను బిగించే మర) బిగింపు, జాయింట్ ముఖాలు చూడాలి.

జవాబు (డయల్_గేజ్)
రోజువారీ తనిఖీకి 1 మైక్రాన్ డయల్ గేజ్ కూడా పనికొస్తుంది. ప్లంజర్‌ను తగిలీ తగలనట్టు ఆనించండి. కొన దాన్ని పై కొసకు నెట్టి అక్కడే నిలుపుతుంది కాబట్టి వచ్చేది సగమే: 25 చూపిస్తే 50. చాలామంది తప్పేది ఇక్కడే. రెండోది వేడి. 125 మి.మీ. హార్న్ 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు 11 మైక్రాన్లు పొడుగవుతుంది. ఒక్క సెకనులో అంకె చూసి ఆపేయండి, ఆపాక ముల్లు సున్నాకు రాకపోతే ఆ కొలత పారేయండి.

తరంగం_20
నీళ్లలో ముంచాక కూడా అదే 50 ఉంటుందా?

జవాబు (మైక్రాన్‌గీత)
ఉంటుందని అనుకోవద్దు, కొలవండి. దానికి స్ట్రెయిన్ గేజ్ (లోహం సాగుడును వోల్టేజీగా చూపే పలచని పట్టీ) వాడాలి. నోడ్ దగ్గర కదలిక ఉండదు, సాగుడు ఉంటుంది. గేజ్ అక్కడే అతికించాలి, అప్పుడు తీగలూ తెగవు. తిన్నని కడ్డీ అయితే 50 మైక్రాన్లకు దాదాపు 630 మైక్రోస్ట్రెయిన్ (పొడవులో పది లక్షల్లో 630 వంతుల సాగుడు) రావాలి. మెట్టు ఉన్న హార్న్‌కు ఈ లెక్క వర్తించదు. అందుకే ముందు గాలిలో మైక్రోస్కోప్ అంకెను, గేజ్ వోల్టేజీని జతగా రాసుకోండి, నీళ్లలో ఆ వోల్టేజీ వచ్చేదాకా జనరేటర్ సరిచేయండి. తూకం యంత్రాల్లో వాడే యాంప్లిఫయర్ 20 కిలోహెర్ట్జ్‌ను అందుకోలేదు. గేజ్‌కు ఫెటీగ్ (మళ్లీ మళ్లీ సాగి అలసి చెడిపోవడం) కూడా ఉంది: కోటి సైకిళ్లు 8 నిమిషాల 20 సెకన్లలోనే అయిపోతాయి, కాబట్టి అర సెకను చొప్పున మాత్రమే నడపండి. శాంపిల్ మార్చి బరువు మారితే మళ్లీ మొదటి నుంచి కొలవాల్సిందే.