చర్చ: బోస్టన్‌లో నల్లజాతి రేడియో పోవడానికి బాధ్యులు ఎవరు?

డార్చెస్టర్ రవి
బోస్టన్‌లో ఉండే మనవాళ్లలో 1090 వైల్డ్ అనే ఏఎం రేడియో స్టేషన్ పేరు విన్నవాళ్లు ఎంతమంది? రాక్స్‌బరీ, డార్చెస్టర్, మాటపాన్ వైపు నల్లజాతి కుటుంబాలకు దశాబ్దాలపాటు అదే సొంత రేడియో. సోల్ పాటలు, ఆదివారం గాస్పెల్ అనే చర్చి పాటలు, ఎవరు చనిపోయారు, ఏ చర్చిలో మీటింగ్ ఉంది, అన్నీ అందులోనే తెలిసేవి. 1980లో కెండెల్ నాష్ అనే నల్లజాతి వ్యాపారి దాన్ని కొన్నాడు. ఆయన పోయాక భార్య బెర్నడీన్ నడిపింది, తర్వాత రేడియో వన్ అనే పెద్ద కంపెనీకి అమ్మేసింది. ఆ కంపెనీ 2006లో తన ఎఫ్‌ఎం 97.7ని ఎంటర్‌కామ్ అనే ఇంకో రేడియో కంపెనీకి 3 కోట్ల డాలర్లకు అమ్మింది. ఆర్ అండ్ బి అనే నల్లజాతి సంగీతం పోయి రాక్ మొదలైంది. ఎందుకో తెలుసా? ఎంటర్‌కామ్ వాళ్ల రాక్ స్టేషన్ 107.3 సిగ్నల్ బోస్టన్‌లో సరిగ్గా అందడం లేదని! ఇక మిగిలిన ఏఎం 1090ని 2011లో చైనా రేడియో ఇంటర్నేషనల్ కార్యక్రమాలకు ఇచ్చేశారు. రాక్స్‌బరీ వార్తల కోసం ట్యూన్ చేసినవాళ్లకు బీజింగ్ వార్తలు వినిపించాయి.

నా వాదన ఒక్కటే. లైసెన్సు కంపెనీ పేరు మీద ఉన్నా, స్టేషన్ ఆ జనానిది. వాళ్లను అడక్కుండా అమ్మే హక్కు ఎవరికీ లేదు.

లెక్కల శాస్త్రి
రవిగారూ, అమ్మింది ఎవరు? రేడియో వన్. దాన్ని పెట్టింది ఎవరు? కేథీ హ్యూస్. 1980లో వాషింగ్టన్‌లో డబ్ల్యుఓఎల్ అనే స్టేషన్‌తో మొదలుపెట్టి, కంపెనీని 1999లో షేర్ మార్కెట్‌కి తెచ్చిన నల్లజాతి మహిళ. అంటే అమ్మినావిడా వాళ్ల మనిషే. మరి జాతి వివక్ష ఎక్కడుంది ఇందులో? పబ్లిక్ కంపెనీ అన్నాక వాటాదారులకు జవాబు చెప్పాలి. బోస్టన్ నగరంలో నల్లజాతివారు నాలుగో వంతు దాకా ఉండొచ్చు, కానీ రేడియో లెక్క నగరంతో కాదు, చుట్టుపక్కల మొత్తం మార్కెట్‌తో. అక్కడ వాళ్ల వాటా పదో వంతు కూడా ఉండదు. 3 కోట్ల డాలర్లు ఇస్తామంటే మీరైతే వద్దంటారా?

సిగ్నల్ సుబ్బారావు
ఇద్దరూ అసలు విషయం వదిలేశారు. 1090 ఏఎం పగలు మాత్రమే పనిచేసే స్టేషన్. రాత్రిపూట ఏఎం వాడే మీడియం వేవ్ తరంగాలు ఆకాశంలో పైనుండే అయనోస్ఫియర్ అనే పొరకి తగిలి వందల మైళ్లు పోతాయి. అదే 1090 మీద బాల్టిమోర్‌లో డబ్ల్యుబిఎఎల్ అనే స్టేషన్ 50 వేల వాట్లతో ఉంది. దానికి అడ్డం రాకూడదని సూర్యాస్తమయం కాగానే వైల్డ్‌ని ఆపేయాల్సిందే. డిసెంబరులో బోస్టన్‌లో సాయంత్రం 4.15కే పొద్దుగూకుతుంది. ఆఫీసుల నుంచి జనం కార్లలో ఇంటికి వచ్చే వేళకి స్టేషనే లేదు. ఇంక ప్రకటనలు ఎవరిస్తారు? ఇది ఫిజిక్స్. హక్కులూ లేవు, వివక్షా లేదు.

మనం చిన్నప్పుడు సిలోన్ రేడియోలో తెలుగు పాటలు విన్నది కూడా ఈ అయనోస్ఫియర్ పుణ్యమే. అక్కడ అది షార్ట్ వేవ్ అనుకోండి, అది వేరే లెక్క.

గుంటూరు బాబీ
స్పాటిఫై ఉన్న రోజుల్లో ఏఎం రేడియో గురించి గొడవేంటి బ్రో 😄

నాగమణి, క్విన్సీ
బాబీ, మా హాస్పిటల్లో నాతో చేసే నర్సుల్లో పాతవాళ్లు ఇప్పటికీ ఆ స్టేషన్ పేరెత్తితే పాటల గురించి మాట్లాడరు. మంచు పడి బస్సులు ఆగిన రోజున ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు అంటారు. స్పాటిఫై ఫోన్ ఎత్తుతుందా?

వరంగల్ స్వప్న
సుబ్బారావుగారూ, పగటి స్టేషన్ అన్నమాట నిజమే. కానీ ఎఫ్‌ఎం 97.7 పగలూ రాత్రీ నడిచేది కదా, దాన్నెందుకు అమ్మారు? సూర్యుడు దాని జోలికి రాలేదుగా!

శాస్త్రిగారూ, "వాళ్ల మనిషే అమ్మింది" అన్నదాని వెనక ఏం జరిగిందో కూడా చూడండి. 1978 నుంచి అమెరికాలో ఒక పన్ను రాయితీ ఉండేది. మైనారిటీలకు స్టేషన్ అమ్మితే అమ్మినవాడికి పన్ను వాయిదా దొరికేది. 1995లో కాంగ్రెస్ దాన్ని తీసేసింది. మరుసటి ఏడాది టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చింది. అంతకుముందు దేశమంతా కలిపి ఒక కంపెనీకి 40 స్టేషన్ల పరిమితి ఉండేది, అది పోయింది. పెద్ద నగరాల్లో ఒకే యజమాని 8 దాకా పెట్టుకోవచ్చన్నారు. క్లియర్ ఛానెల్ అనే కంపెనీ 1,200కి పైగా స్టేషన్లు కొనేసింది. అలాంటి పోటీలో ఒక ఊళ్లో ఒకటో రెండో స్టేషన్లున్న కుటుంబం ఎంతకాలం నిలబడుతుంది? నాష్ కుటుంబం రేడియో వన్‌కి అమ్మింది ఆ చట్టం వచ్చాకే. రేడియో వన్ కూడా ఆ ఆటలో బతకడానికి అప్పులు చేసి కొంటూ పోయింది, ఆ అప్పు తీర్చడానికి అమ్ముకుంటూ వచ్చింది.

లెక్కల శాస్త్రి
స్వప్నగారూ, చట్టం అందరికీ ఒకటే. తెల్లవాళ్ల చిన్న స్టేషన్లూ పోయాయి. వాటికోసం ఎవరూ చర్చ పెట్టలేదు.

డార్చెస్టర్ రవి
చట్టం ఒకటే, లెక్కపెట్టే మీటరు ఒకటే కాదు. ఎవరు ఏ స్టేషన్ వింటున్నారో కొలవడానికి ఆర్బిట్రాన్ కంపెనీ నడుముకి పెట్టుకునే ఎలక్ట్రానిక్ మీటర్లు తెచ్చింది. వాటిలో మైనారిటీ శ్రోతలను తక్కువగా లెక్కపెడుతున్నారని 2008లో న్యూయార్క్ అటార్నీ జనరల్ కోర్టుకి వెళ్లాడు, 2009 మొదట్లో రాజీకి వచ్చారు. రేటింగ్ తగ్గితే ప్రకటన ధర తగ్గుతుంది, ధర తగ్గితే అమ్మకానికి పెడతారు.

ఇంకో మాట. నల్లజాతి రేడియో ఒట్టి పాటల పెట్టె కాదు. 1963లో పౌరహక్కుల ఉద్యమంలో, అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో పిల్లలు స్కూళ్లు వదిలి వీధుల్లోకి వచ్చినప్పుడు, ఎప్పుడు రావాలో వాళ్లకు సైగ చేసింది నల్లజాతి డీజేలే. "పార్కులో పార్టీ, టూత్‌బ్రష్ తెచ్చుకోండి" అంటే జైలుకి సిద్ధపడి రమ్మని. ఆ మాట స్పాటిఫైలో వస్తుందా బాబీ?

గుంటూరు బాబీ
నన్నెందుకు లాగుతారు అన్నా, ఒక్క లైనే కదా రాశా.

సిగ్నల్ సుబ్బారావు
స్వప్నగారూ, 97.7 లైసెన్సు బ్రాక్టన్‌ది. తక్కువ వాట్లు. బోస్టన్ ఉత్తరం వైపు అసలు నిలిచేది కాదు. కాబట్టి సిగ్నలే అసలు సమస్య అని మళ్లీ చెబుతున్నా. 1090కి రాత్రి అనుమతి ఉంటే కథ వేరు.

వరంగల్ స్వప్న
బలహీనమైన ఫ్రీక్వెన్సీలే వాళ్ల వాటాకి ఎందుకొచ్చాయో కూడా ఫిజిక్సే చెబుతుందా? మంచివన్నీ 1930లు, 40లలోనే పంచేశారు. అప్పుడు నల్లజాతి యజమానే లేడు. మొదటివాడు జెస్సీ బ్లేటన్, అట్లాంటాలో డబ్ల్యుఇఆర్‌డి కొన్నది 1949లో. ఆలస్యంగా పంక్తిలో కూర్చున్నవాడికి మిగిలింది అడుగు అన్నమే.

సిగ్నల్ సుబ్బారావు
అడుగు అన్నం అయినా సూర్యాస్తమయం సూర్యాస్తమయమే.

లెక్కల శాస్త్రి
సరే, స్టేషన్ పోయింది. అంత అవసరమైతే ఆ జనమే ఇంకొకటి పెట్టుకోవాలి. పెట్టుకున్నారు కూడా, టచ్ 106.1 అని, గ్రోవ్ హాల్ అనే పేటలో. లైసెన్సు లేకుండా! 2014 ఏప్రిల్‌లో ఫెడరల్ అధికారులు వచ్చి సామాను పట్టుకుపోయారు. దాన్ని నడిపిన చార్ల్స్ క్లెమన్స్ అంతకుముందు ఏడాదే మేయర్ పదవికి పోటీ చేశాడు. చట్టం తెలియని మనిషి కాదు. దీన్ని కూడా సమర్థిస్తారా?

డార్చెస్టర్ రవి
సమర్థిస్తా. తక్కువ శక్తి ఎఫ్‌ఎం లైసెన్సులు వచ్చాయి కానీ, 2000 నాటి చట్టంలో ఒక మెలిక పెట్టారు. ఎప్పుడైనా లైసెన్సు లేకుండా ప్రసారం చేసినవాడికి ఆ లైసెన్సు ఇవ్వరు. తలుపు మూసేసి, కిటికీలోంచి దూరాడని దొంగ అంటున్నారు. అదే 1090ని విదేశీ ప్రభుత్వ రేడియోకి ఇస్తే సామాను పట్టుకుపోవడానికి ఎవరూ రాలేదు. రాయిటర్స్ వాళ్లు 2015లో బయటపెట్టారు, ఆ చైనా రేడియో 14 దేశాల్లో కనీసం 33 స్టేషన్ల మీద వినిపిస్తోందని. దానికి లేని అడ్డం గ్రోవ్ హాల్‌కే వచ్చింది.

వరంగల్ స్వప్న
జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంఘం రేడియో గుర్తుందా? దళిత మహిళలు నడిపేది. యునెస్కో సాయంతో 1998లోనే స్టూడియో సిద్ధమైంది. లైసెన్సు 2008 దాకా రాలేదు. ఆ పదేళ్లూ క్యాసెట్లలో రికార్డు చేసి సంఘం మీటింగుల్లో వినిపించారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని మన సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా అంతకాలం పట్టింది. కాబట్టి లైసెన్సు లేదు అనగానే నేరస్తుడు అనేయడం నాకు కుదరదు.

లెక్కల శాస్త్రి
వాళ్లు పదేళ్లు ఆగారు, దొంగతనంగా ప్రసారం చేయలేదు. మీ ఉదాహరణ నా వైపే ఉంది.

ఇప్పుడు నా సంగతి చెబుతా, ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ ఒక ఏఎం స్టేషన్‌లో ఆదివారం గంట సేపు అద్దెకు తీసుకుని తెలుగు కార్యక్రమం నడిపాను. జేబులోంచి డబ్బు. అన్నమయ్య కీర్తనలు, పిల్లల పద్యాలు, ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్లకి వీసా ప్రశ్నలు. ప్రకటనలు అడిగితే కిరాణా షాపుల వాళ్లు మొహం చాటేశారు. తెలుగు సంఘంలో పెద్దలు సినిమా హీరోని రప్పించడానికి డబ్బు పోగుచేశారు, నాకు ఒక్క స్పాన్సర్ లేడు. ఆపేసిన వారం నుంచి "అయ్యో ఎందుకు ఆపేశారు" అని మెసేజీలు! ఆ అయ్యోలు ఎవరికి కావాలి? వైల్డ్ విషయంలోనూ అదే జరిగి ఉంటుంది. పోయాక ఏడ్చేవాళ్లలో సగంమంది ఉన్నప్పుడు విని ఉండరు. ఆ ఏరియాలో ప్రకటన ఇచ్చేది మాత్రం ఎవరు, లిక్కర్ షాపులూ, చెక్కు తీసుకుని నగదు ఇచ్చే చెక్ క్యాషింగ్ షాపులే కదా.

డార్చెస్టర్ రవి
"ఆ ఏరియా"! అదీ బయటికి వచ్చింది. శాస్త్రిగారూ, ఆ స్పాన్సర్ల మీటింగ్‌కి నేనూ వచ్చాను, మీకు గుర్తుండకపోవచ్చు. సిగ్నల్ ఎక్కడిదాకా అందుతుంది అని ఒకరు అడిగితే "రాక్స్‌బరీ మీదుగా పోతుందిలెండి, అక్కడ మనకేం పని" అన్నారు. అందరూ నవ్వారు. నేను అక్కడే అద్దెకుండేవాణ్ణి. మా ఇంటి యజమానురాలు వైల్డ్ పెట్టుకుని వంట చేసేది.

లెక్కల శాస్త్రి
నవ్వింది అందరూ, తప్పు నాదా? నలభై మైళ్ల దూరం నుంచి మంచులో డ్రైవ్ చేసి వచ్చి మైకు ముందు కూర్చున్నవాణ్ణి నేను. మీరు వినేవాళ్లా మరి నా కార్యక్రమం?

డార్చెస్టర్ రవి
వినలేదు. ఎందుకంటే ఆ గంట ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. మీరు అద్దెకు తీసుకున్న గంటలో అంతకుముందు ఒక నల్లజాతి పాస్టర్ మాట్లాడేవాడు. అద్దె పెంచారు, ఆయన కట్టలేకపోయాడు, మీరు కట్టారు. చైనా వాళ్లు 1090కి చేసిందే, చిన్న సైజులో. నల్లజాతి స్టేషన్ పోతే వచ్చేది ఎప్పుడూ తెల్లవాళ్ల రాక్ ఒక్కటే కాదు. జేబులో డబ్బు ఉండి సొంత భాష కోసం తపించే మనలాంటి వాళ్లూ వస్తారు.

గుంటూరు బాబీ
ఓహ్.

నాగమణి, క్విన్సీ
రవీ, ఈ మాట మొదటి పోస్టులోనే రాసి ఉంటే ఇంతమంది సూర్యాస్తమయం గురించి మాట్లాడేవాళ్లు కాదు.

సిగ్నల్ సుబ్బారావు
నేను చెప్పింది ఇప్పటికీ కరెక్టే.

లెక్కల శాస్త్రి
ఆ పాస్టర్ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా తీసుకునేవాణ్ణి. స్టేషన్ వాడు ఆ గంట ఎవరికో ఒకరికి ఇచ్చేవాడే. నేను కాకపోతే ఇంకో బరువు తగ్గించే మందుల కంపెనీ వచ్చేది. నన్ను చైనా ప్రభుత్వంతో కలిపి కట్టడం మాత్రం అన్యాయం.

వరంగల్ స్వప్న
ప్రభుత్వంతో కలపక్కర్లేదు. కానీ "ఎవరో ఒకరికి ఇచ్చేవాడే" అన్న లెక్కతోనే కదా ప్రతి స్టేషనూ పోతోంది. రవీ, నీకూ ఒక ప్రశ్న. ఆ గంట నీకే దొరికితే తీసుకునేవాడివా కాదా, సూటిగా చెప్పు.

డార్చెస్టర్ రవి
ఆ పాస్టర్‌ని అడిగి, ఆయన సరే అంటే సగం గంట. లేకపోతే లేదు.

లెక్కల శాస్త్రి
మా అమ్మ ఇక్కడికి వచ్చి ఉన్న ఆరు నెలలూ ఆదివారం ఆ గంట కోసం వారమంతా ఎదురుచూసేది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, కారు నడపడం రాదు. సగం గంట ఏ సగం ఇవ్వమంటారో మీరే చెప్పండి, కీర్తనలా, వార్తలా?