ధనుష్కోటి దారిలో చివరి 9.5 కిలోమీటర్లు: నడవాలా, బండి ఎక్కాలా?

ప్రశ్న అడిగినవారు (తిరుపతి, కొర్లగుంట):
నాకు 61 ఏళ్లు, నా భార్యకు 56. వచ్చే ఆషాఢంలో ఇక్కడి నుంచి రైలులో రామేశ్వరం వెళ్లి, మూడు రోజులుండి, ద్వీపాన్ని వీలైనంత వరకు కాలినడకన చూడాలని అనుకుంటున్నాం. ఆలయం, అగ్నితీర్థం, గంధమాదన పర్వతం మీది రామపాదాల విషయంలో మా ఇద్దరికీ పేచీ లేదు. పేచీ అంతా చివరి రోజు గురించే. ముకుందరాయర్ సత్రం నుంచి పాత ధనుష్కోటి మీదుగా నేల కొన అయిన అరిచల్‌మునై వరకు 2017లో తెరిచిన 9.5 కిలోమీటర్ల రోడ్డును నడిచే దాటాలని నా పట్టుదల. "మనం చూడబోయేది సముద్రం మింగిన ఊరినా, మీ కాళ్ల సత్తానా?" అని ఆమె అడుగుతోంది. అలిపిరి నుంచి 3550 మెట్లు ఏడాదికి నాలుగైదుసార్లు ఎక్కే మాకు మిట్టపల్లాలు లేని రోడ్డు ఒక లెక్కా అన్నది నా వాదన. వెళ్లివచ్చినవారు దయచేసి చెప్పండి.

చిత్తూరు, గిరింపేట:
అయ్యా, అలిపిరితో పోల్చడమే మొదటి పొరపాటు. దూరం ఇంచుమించు అంతే కావచ్చు గానీ, అలిపిరి దారిలో చాలా మేరకు తల మీద కప్పు ఉంటుంది, దారిపొడవునా మంచినీళ్లు దొరుకుతాయి, కాళ్లు నొస్తే కూర్చోవడానికి మెట్టే ఉంటుంది. ధనుష్కోటి దారిలో అటు సముద్రం, ఇటు సముద్రం, మధ్యలో రోడ్డు, ఇసుక. నిలబడటానికి చెట్టు నీడైనా సరిగా దొరకదు. పైగా గాలి మోసం చేస్తుంది. చెమట పుట్టినది పుట్టినట్టే ఆరిపోవడం వల్ల ఒంట్లో నీరు పోతున్నట్టు తెలియదు, చల్లగా తగులుతోంది కదా అని ఎండనూ పట్టించుకోం. నేను రెండు గంటలు నడిచి, బాగానే ఉందనుకుని బసకు చేరాక, తల తిరిగి సాయంత్రమంతా మంచం దిగలేదు. మరో సంగతి: పర్యాటకుల వ్యాన్లు వేగంగా వస్తాయి, గాలి హోరులో వెనుక నుంచి వచ్చే హారన్ వినబడదు. నా ఓటు అమ్మగారికే.

తిరుచానూరు:
నేను ఒప్పుకోను. ఒకప్పుడు కాశీ, రామేశ్వర యాత్ర సంకల్పించినవారు సేతువు దగ్గర ఇసుక తీసుకుని గంగలో కలపడానికి మోసుకువెళ్లేవారు. వారికి వ్యాన్లు ఎక్కడివి? పుణ్యం మాట పక్కన పెట్టినా, ఆ చోటు బండి కిటికీలోంచి అర్థమయ్యేది కాదు. 1964 డిసెంబరు 22 రాత్రి తుపాను ఉప్పెనకు పాంబన్ నుంచి వచ్చిన రైలు ప్రయాణికులతో సహా కొట్టుకుపోయింది, ఆ తరువాత ప్రభుత్వం ఆ ఊరు నివాసానికి పనికిరాదని ప్రకటించింది. ఇప్పటికీ చర్చి గోడలు, రైల్వే స్టేషన్ శిథిలాలు నిలిచే ఉన్నాయి. ఒకనాడు సింహళానికి ఓడ ఎక్కడానికి జనం దిగిన స్టేషన్ అది. బండివాళ్లు అక్కడ పది నిమిషాలు ఆపి, ఫొటోలు తీసుకోమని, మళ్లీ ఎక్కించుకుంటారు. ఆ గోడల పక్కన అరగంట నిలబడి, ఆ గాలి చప్పుడు విన్నవారికే ఆ రాత్రి ఎలా గడిచి ఉంటుందో కొంతైనా ఊహకు అందుతుంది.

పుత్తూరు:
మధ్యేమార్గం ఒకటి చెబుతాను. ఆషాఢంలో వీచేది నైరుతి గాలి కాబట్టి వెళ్లేటప్పుడు అది వీపున తోస్తుంది, వచ్చేటప్పుడు ముఖాన కొడుతుంది. అందువల్ల వెళ్లడం నడిచి వెళ్లి, రావడం బస్సులో రండి.

శ్రీకాళహస్తి:
వాయులింగం ఉన్న ఊరివాడిని కాబట్టి గాలి గురించి మాట్లాడే హక్కు కొంత నాకూ ఉందనుకుంటాను. పుత్తూరు వారి లెక్క వినడానికి బాగుంది గానీ పటం చూస్తే నిలవదు. ఆ ఇసుక నాలుక ఆగ్నేయానికి సాగుతుంది. నైరుతి గాలి దానికి దాదాపు అడ్డంగా వీస్తుంది. అంటే వెళ్లేటప్పుడు కుడిచెంపకు, వచ్చేటప్పుడు ఎడమచెంపకు కొట్టడమే తప్ప, వీపున తోయడం ఉండదు. పుష్య మాసంలో ఈశాన్యపు గాలి వీచినా అదీ అడ్డంగానే వస్తుంది, పక్క మాత్రం మారుతుంది. అక్కడి జాలర్లు దక్షిణాన ఉన్న మన్నారు సింధుశాఖను మగ సముద్రమని, ఉత్తరాన ఉన్న పాక్ జలసంధి నీళ్లను ఆడ సముద్రమని అంటారు. మీరు వెళ్లే ఆషాఢంలో కోపం మగ సముద్రానిది. ఆడి (తమిళుల ఆషాఢం) గాలికి అమ్మిరాయి (నూరుడు బండ) కూడా ఎగురుతుందని మన సరిహద్దు పల్లెల్లో అనే మాట ఉత్త గొప్ప కాదు: ఇసుక రోడ్డు మీదుగా పాములా పాకుతూ వచ్చి పిక్కలకు సూదుల్లా గుచ్చుతుంది.

కాబట్టి గాలిని చూసి కాదు, ఎండను చూసి దిశ ఎంచుకోవాలి. ఉదయం ఆగ్నేయానికి నడిస్తే సూర్యుడు కళ్లలో పడతాడు. అదే తెల్లవారాక వాహనంలో కొన వరకు వెళ్లి, అక్కడి నుంచి వాయవ్యంగా వెనక్కి నడిస్తే ఎండ వీపు మీద ఉంటుంది, ముందుకు వెళ్లే కొద్దీ ఊరు దగ్గరపడుతుంది. కొన నుంచి పాత ఊరికి సుమారు 4.5 కిలోమీటర్లు, అమ్మగారు చూడాలన్న శిథిలాలు సరిగ్గా అలసట మొదలయ్యే చోట వస్తాయి. అక్కడ కూర్చుని, ఆమె చాలనుకుంటే బస్సు ఎక్కవచ్చు, మీ పట్టుదల తీరకపోతే మిగిలిన 5 కిలోమీటర్లూ మీరు నడవవచ్చు. కళ్లద్దాలు, తలపాగా కట్టుకునేంత తుండుగుడ్డ, మనిషికి రెండు లీటర్ల నీళ్లు తప్పనిసరి. కొన దగ్గర రెండు సముద్రాల నీళ్ల పోటు కలుస్తుంది, అక్కడ మాత్రం నీళ్లలోకి దిగవద్దు. స్నానం అగ్నితీర్థంలోనే.

చిత్తూరు, గిరింపేట:
ఈ పద్ధతికి నాకు అభ్యంతరం లేదు. అయితే నెల మాత్రం మార్చుకోండి. మాఘంలో వెళితే తుపానుల కాలం దాటిపోతుంది, ఎండా ముదరదు. కొత్త దంపతులైతే ఆషాఢంలో ఎలాగూ పుట్టింటికి పంపేస్తారు. మీకు ఆ బాధ లేదు గనుక ఈ నెల తట్టిందేమో!

ప్రశ్న అడిగినవారు:
మాఘానికి మార్చడానికి నేను సిద్ధమే. శ్రీకాళహస్తి వారి మాటలు నా భార్యకు చదివి వినిపించాను. కొన నుంచి వెనక్కి నడవడానికి ఒప్పుకుంది గానీ, పాత ఊరు చేరాక బస్సు ఎక్కాలా, నడవాలా అన్నది తానే నిర్ణయిస్తుందట, నన్ను ఒంటరిగా మాత్రం నడవనివ్వదట. సూర్యోదయానికి కొన వరకు తీసుకువెళ్లే బండి ముందు రోజే మాట్లాడుకోవాలా, ఆ ఉదయం దొరుకుతుందా, తెలిసినవారు చెప్పగలరు.