హార్డ్ డిస్క్ నిమిషానికోసారి టిక్‌మంటోంది, ఆపే సెట్టింగ్ ఎక్కడుంది?

పాత_ల్యాప్‌టాప్:
అందరికీ నమస్కారం. నా ల్యాప్‌టాప్ కొని ఆరేళ్లయింది, లోపల ఉన్నది 1 టీబీ హార్డ్ డిస్క్, తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ కాదు. మొన్న విండోస్ తీసేసి లినక్స్ మింట్ వేశాను. రాత్రిపూట ఫ్యాన్ ఆపితే లోపల్నుంచి నిమిషానికోసారి టిక్‌మని వినిపిస్తోంది. స్మార్ట్ రీడింగ్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్కలు) తీస్తే 193వ వరుసలో లోడ్ సైకిల్ కౌంట్, అంటే డేటా చదివి రాసే హెడ్ ఎన్నిసార్లు పక్కకెళ్లి పార్క్ అయిందన్న లెక్క, 4,12,000 ఉంది, డిస్క్ నడిచింది చూస్తే 6,900 గంటలే. పవర్ సెట్టింగ్స్ అంతా వెతికాను. స్క్రీన్ ఎప్పుడు ఆరిపోవాలో అడుగుతోంది గానీ డిస్క్ ఊసే లేదు. డబ్బు పెట్టి కొన్న డిస్క్ ఎప్పుడు పడుకోవాలో నేను చెప్పలేనా? అందులో మా అమ్మమ్మ వీడియోలు ఉన్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు, అదే టెన్షన్.

డిస్క్_డాక్టర్:
ముందు ఆ వీడియోలు ఇవాళే వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి, తర్వాతే మిగతాది చదవండి.

మీ లెక్క ప్రకారం గంటకి అరవై సార్లు హెడ్ పార్క్ అవుతోంది. పని లేనప్పుడు డిస్క్ తన హెడ్‌ని ప్లాటర్ (డేటా ఉండే, తిరిగే పళ్లెం) మీద నుంచి తీసి పక్కన ర్యాంప్ మీద పెట్టేస్తుంది, కరెంటు ఆదా, కింద పడ్డా గీతలు పడే ప్రమాదం తక్కువ. ఆలోచన మంచిదే. కానీ లినక్స్‌లో ఫైళ్లని డిస్క్ మీద సర్దే ఈఎక్స్‌టీ4 మామూలుగా ప్రతి 5 సెకన్లకి జర్నల్ (మార్పుల చిట్టా) రాస్తుంది, వెనకాల ఏదో ఒక ప్రోగ్రామ్ చిన్న ఫైల్ రాస్తూనే ఉంటుంది కాబట్టి అలా పార్క్ అయిన హెడ్‌ని కాసేపటికే మళ్లీ లాక్కొస్తుంది. ల్యాప్‌టాప్ డిస్క్‌లకి సాధారణంగా 6 లక్షల సార్లు అని రాసి ఉంటుంది. ఆ అంకె దాటిన రోజే పోతుందని కాదు, కానీ మీరు మూడింట రెండొంతులు వాడేశారు.

సెట్టింగ్ ఉంది, పవర్ పేజీలో లేదంతే. మింట్‌లో డిస్క్స్ అనే యాప్ తెరిచి, మీ డిస్క్‌ని ఎంచుకుని, పైన మూడు చుక్కల మెనూలో డ్రైవ్ సెట్టింగ్స్‌కి వెళ్లండి. ఏపీఎం (డిస్క్ కరెంటు ఆదా స్థాయి) అనే ట్యాబ్‌లో స్లైడర్ ఉంటుంది. 1 నుంచి 127 వరకు పెడితే డిస్క్ తిరగడం కూడా ఆగిపోవచ్చు, 128 నుంచి 254 వరకు తిరుగుతూనే ఉంటుంది, 255 అంటే ఏపీఎం పూర్తిగా ఆఫ్. 254 పెట్టి చూడండి.

టెర్మినల్_తమ్ముడు:
అన్న చెప్పింది కరెక్ట్. నేను మాత్రం టెర్మినల్‌లో హెచ్‌డీపార్మ్ అనే కమాండ్‌తో పెట్టేవాణ్ణి, పెద్ద బీ (-B) ఆప్షన్‌కి 254. కానీ కమాండ్ ఒక్కసారి కొడితే సరిపోదు, మెషీన్ ఆపి ఆన్ చేస్తే మళ్లీ పాత కథే, సస్పెండ్ నుంచి లేచినా అంతే. నెల రోజులు అది తెలియక సెట్టింగ్ పనిచేస్తోందనే అనుకున్నాను. డిస్క్స్ యాప్ అయితే గుర్తుపెట్టుకుని ప్రతిసారీ తనే వేస్తుంది. బ్యాటరీ ఆదా చేసే టీఎల్‌పీ అనే ప్రోగ్రామ్ ఉంటే దాన్ని కూడా చూసుకోండి, ఛార్జర్ పీకినప్పుడు అది తన అంకె తను వేయగలదు.

బస్సులో_కోడింగ్:
ఒక్క మాట. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని తిరిగేవాళ్లు 254 పెట్టకండి. పార్కింగ్ ఉన్నది ఆ కుదుపుల కోసం కూడా. టేబుల్ మీద కదలకుండా ఉండే మెషీన్‌కైతే సరే.

విండోస్ గురించి కూడా చెప్తాను. అక్కడ పవర్ ఆప్షన్స్‌లో పైకి కనిపించేది ఎన్ని నిమిషాల తర్వాత డిస్క్ ఆపాలన్నదే, హెడ్ పార్కింగ్ సంగతి అక్కడ దొరకదు. నేను క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో మార్చుకున్నాను. అందులో స్మార్ట్ అంకెలు మొదట హెక్సాలో (పదికి బదులు పదహారు ఆధారంగా రాసే లెక్కలో) కనిపిస్తాయి, కంగారుపడి తప్పు లెక్కలు వేయకండి. కొన్ని డిస్క్‌లు ఏపీఎంని అసలు ఒప్పుకోవు, డిస్క్ లోపలి సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) తన ఇష్టప్రకారమే నడుస్తుంది. డిస్క్‌ని బయట పెట్టి వాడే కొన్ని యూఎస్‌బీ డబ్బాలు ఈ కమాండ్లని లోపలికి పంపవు కూడా. ఇది నాకు అస్సలు నచ్చని విషయం. అట్ట పెట్టె మీద రాసైనా అమ్మాలి.

పాత_ల్యాప్‌టాప్:
డాక్టర్ గారూ, వీడియోలు మొత్తం రెండు చోట్ల కాపీ చేశాను, చాలా థ్యాంక్స్. స్లైడర్ మొదట 128 దగ్గర ఉంది, 254 పెట్టాను. రెండు రోజుల్లో కౌంట్ 11 పెరిగింది, అంతే. టిక్ శబ్దం లేదు. వేడి 41 నుంచి 44 డిగ్రీలకి వెళ్లింది, అది పర్లేదా? సస్పెండ్ చేసి లేపి చూశాను తమ్ముడూ, 254 అలాగే ఉంది.

డిస్క్_డాక్టర్:
44 పర్లేదు. ఎండాకాలంలో 50 దాటుతుంటే చెప్పండి, అప్పుడు కొంచెం తగ్గించి చూద్దాం.