అప్‌డేట్: పాత యజమాని ఫోన్‌లోనే ఉండిపోయిన నా కారు

హనుమకొండలో మా ఇంటి ముందు నిలిపిన సెకండ్ హ్యాండ్ కారు తలుపుల లాక్ దానంతట అదే ఎందుకు తెరుచుకుంటోందని అడిగాను, కారణం దొరికింది. 2019 నుంచి మన మామూలు కార్లలోనూ వస్తున్న ఈ-సిమ్ (కారును ఇంటర్నెట్ ద్వారా ఫోన్ యాప్‌తో కలిపే, లోపలే అమర్చిన సిమ్), ఆర్సీ నా పేరిట మారినా పాత యజమాని ఖాతాకే ముడిపడి ఉన్నందున, ఆయన తన కొత్త కారు అనుకుని యాప్‌లో అన్‌లాక్ నొక్కినప్పుడల్లా ఇక్కడ లాక్ తెరుచుకునేది. కారు ఎక్కడుందో కూడా ఆయనకు కనిపించేదని తెలిసి భయమేసింది, ఎందుకంటే మా అమ్మాయి రోజూ అందులోనే కాలేజీకి వెళ్తుంది.

సర్వీస్ సెంటర్‌లో ఆర్సీ చూపితే పాత ఖాతాను తొలగించారు. స్క్రీన్‌లో మిగిలిన ఆయన కాంటాక్టులను, 'ఇల్లు' అని దాచుకున్న చిరునామాను ఫ్యాక్టరీ రీసెట్‌తో నేనే చెరిపాను. పాకాల అడవి దారిలో సిగ్నల్ అందనప్పుడు మాత్రం నా ఫోన్‌లోని యాప్ ఇంకా దాటి వచ్చిన నర్సంపేటనే చూపుతుంది. అది చివరిసారి అందిన స్థానమే తప్ప లోపం కాదు.